ఎడమ పక్క ఎవరూ లేరు

ఆ శనివారం పొద్దున మా ఇంట్లో కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలనే దాని మీద గొడవ మొదలైంది.

ఆయన బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నేను ఎప్పటిలాగే ఎడమచేతి పక్కన గ్లాసు పెట్టి ఇలా తిరిగానో లేదో, వెనక ఖంగుమంది. కాఫీ బల్ల మీద పాకి, పేపరు తడిపి, ఎదురుగా కూర్చున్న అత్తయ్య శాలువా అంచు దాకా వెళ్లింది. ఇక్కడెవరు పెట్టమన్నారని ఆయన, మోచేతి పక్కనే కదా పెట్టానని నేను. పెట్టేటప్పుడు ఒక మాట చెప్పొచ్చుగా అన్నారు. కాఫీ వచ్చిందహో అని రోజూ చాటింపు వేయాలా అన్నాను. గుడ్డ తెచ్చి తుడుస్తున్నంతసేపూ ఆయన గ్లాసు తప్పు, నేను మోచేతి తప్పు ఎత్తి చూపుకున్నాం.

"మీ ఇద్దరి పంచాయితీ తెమిలేలోగా నా శాలువా కాఫీ తాగేసింది," అంది అత్తయ్య. "ఇంకో గ్లాసు కలుపు అమ్మాయ్, ఈసారి నాకివ్వు."

ఆ రోజు మేం కొత్త కారు చూడ్డానికి వెళ్లాలి. అందుకే గొడవ అంతటితో ఆగింది, లేకపోతే మధ్యాహ్నం దాకా సాగేదే.

ఆయనది ఫొటోలకీ బొమ్మలకీ ఫ్రేములు కట్టే పని. షాపు మా ఇంటి కింది గదిలోనే. చెక్క పట్టీ చేతికి రాగానే ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని, ఎడమ కన్ను మూసి, కుడికంటితో రెండో కొస దాకా చూస్తారు. వెంట్రుకవాసి వంపున్నా అవతల పడేస్తారు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లోకి కొత్త చీపురు తెచ్చినా ఒక కన్ను మూసి దాన్ని పరీక్షిస్తారు. "నువ్వు పుట్టినప్పుడు రెండు కళ్లూ తెరిచే పుట్టావురా, నేను చూశాను," అంటుంది అత్తయ్య.

మా పాత కారుకి ఎడమవైపు అద్దం లేదు. మొదటిసారి గేటు స్తంభానికి తగిలి ఊడింది. కొత్తది వేయించారు. కొన్నాళ్లకి సందులో ఆగి ఉన్న ఒక వ్యాను దాన్ని కూడా తీసుకుపోయింది. తప్పు వ్యానుదేనన్నారు. మూడోది వేయించడానికి మనసొప్పక, పక్కసీట్లో నువ్వున్నావుగా అన్నారు. అప్పట్నుంచీ నేనే అద్దాన్ని. ఎడమకి తిరగాల్సి వచ్చినప్పుడల్లా నేను అటు చూసి "ఖాళీ" అంటాను, లేకపోతే "ఆగండి" అంటాను. మాట మధ్యలో తెగకుండా చెప్పడం కూడా వచ్చేసింది నాకు. ఆ కూరగాయలాయన చూడండి, ఖాళీ, అన్నీ వాడిపోయినవే అంటగట్టాడు, అని ఒకే ఊపిరిలో అనగలను. ఆయన తన స్నేహితులందరికీ గొప్పగా చెప్పుకునేవారు, మా బండి అద్దం మాట్లాడుతుంది, అప్పుడప్పుడూ తిడుతుంది కూడా అని.

షాపు ఇంట్లోనే కాబట్టి ఆయన ఒక్కరూ కారు తీసే అవసరం ఎప్పుడో గానీ రాదు. ఎక్కడికెళ్లినా నేను పక్కన ఉండాల్సిందే.

ఇప్పుడు ఆ లెక్క మారబోతోంది. మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. అల్లుడు ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ల మీదే ఉంటాడు. అమ్మాయీ, దాని కూతురూ మాతోనే ఉంటారు. ఆ కూతుర్ని మేం పిడుగు అంటాం, ఎందుకో దాన్ని ఒక పూట చూసినవాళ్లెవరూ అడగరు. వచ్చే నెల నుంచి పిడుగు ఊరికి ఆ చివరనున్న స్కూల్లో చేరుతోంది. అమ్మాయి షిఫ్టులు ఎప్పుడు ఎటు మారతాయో దానికే తెలియదు. అత్తయ్యని పొద్దుటిపూట ఒంటరిగా వదిలి నేను కదల్లేను. పిడుగుని దింపి, తీసుకొచ్చే పని నాది అని ఆయన తనంతట తనే చెప్పేసుకున్నారు. పాత కారు అడుగు రేకు తుప్పు పట్టి, వెనక కాళ్ల దగ్గర రోడ్డు కనిపిస్తోంది. అందులో పిల్లని రోజూ తిప్పడం కుదరదు కాబట్టి ఈ కొత్త కారు. మరీ ఖరీదైనది కాదు, మరీ చౌకదీ కాదు. ఇంటిల్లిపాదీ పట్టాలి, వెనక పెద్ద డిక్కీ ఉండాలి.

షోరూంలో నేలా, అద్దాలూ, కార్లూ ఒకే రకంగా మెరుస్తున్నాయి. ఇస్త్రీ మడత చెదరని కోటు వేసుకున్న సేల్స్ అమ్మాయి ఆయన్ని చూసి ఇంజను గురించి మొదలుపెట్టింది. నేను వెనక తలుపు తెరిచాను. కారు ఇంజను ఆయన చూసుకుంటారు, కానీ అందులో కూర్చునేది మేం. అత్తయ్యని ఎక్కించాను. ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ ఒకేసారి లోపలికి తిప్పగలిగింది. పాత కారులో ఒక్కో కాలూ నేను ఎత్తి పెట్టాల్సి వచ్చేది. తలుపు బాగా బార్లా తెరుచుకుంటుంది, బాగుంది. వెనక సీటు మధ్యలో కాళ్ల దగ్గర గూనిలా ఎత్తు ఉంది, అక్కడ పెద్దవాళ్లు కూర్చోలేరు. అత్తయ్య వాకర్ ఇంటి నుంచే తెచ్చాను. మడిచి డిక్కీలో పెడితే అడ్డంగా పట్టలేదు, మూలగా పట్టింది. డిక్కీ గడప మాత్రం ఎత్తు. బరువైన సంచి లేపి లోపలికి వేయాలంటే నడుం పట్టేస్తుంది. ఆ మాటంటే సేల్స్ అమ్మాయి, ఇంతవరకూ ఎవరూ అడగలేదు మేడమ్ అంది. సంచులు మోసేవాళ్లని షోరూంకి తీసుకురారు కాబోలు అంది అత్తయ్య.

ఈలోగా ఆయన బంపర్ దగ్గర గొంతుక్కూర్చుని, ఎడమ కన్ను మూసి, కారు ఒంటి మీద ముందు దీపం నుంచి వెనక దీపం దాకా పోయే గీతని చూస్తున్నారు. తలుపుల మధ్య సందులు సమంగా ఉన్నాయన్నారు. రంగు ఎక్కడా ఉబ్బలేదన్నారు. సేల్స్ అమ్మాయి ముచ్చటపడి, ఇలా చూసే కస్టమర్‌ని నేను చూడలేదు సార్ అంది. ఆయన మొహం వెలిగిపోయింది.

ఇక టెస్ట్ డ్రైవ్. అత్తయ్య అక్కడే సోఫాలో కూర్చుంటానంది. ముందు సీటు నాదేనన్న ధీమాతో ఎక్కబోయాను. షోరూం మనిషే ముందు కూర్చోవాలన్నది వాళ్ల రూలట. సరేనని వెనక, ఎడమవైపు కూర్చున్నాను.

బండి మెత్తగా కదిలింది. గుంతలో పడినా లోపల కుదుపు తెలియలేదు. సేల్స్ అమ్మాయి తెర మీద ఏదో నొక్కి చూపిస్తూ, పక్క నుంచి ఎవరైనా బాగా దగ్గరికి వస్తే అద్దంలో నారింజరంగు దీపం వెలుగుతుంది, అయినా మనం తిరిగితే బండి పీప్ పీప్‌మంటుంది అని చెబుతోంది. పోస్టాఫీసు దాటాక మార్కెట్ సందులోకి ఎడమకి తిరగాలి. ఆయన వేగం తగ్గించారు.

నా కిటికీ పక్కనే ఒక సైకిలు వస్తోంది. తొక్కుతున్నతను నడివయసు మనిషి. వెనక చిన్న సీటులో పసుపు టోపీ పెట్టుకున్న పిల్లాడు. నేను చేయి చాపితే ఆ టోపీ అందేంత దగ్గర. ఎడమ అద్దంలో దీపం వెలిగింది. నేను ఏమీ అనలేదు. అద్దం ఉంది, దీపం ఉంది, పక్కన ఆ అమ్మాయి ఉంది. కొత్త బండిలో నా పని లేదనుకున్నాను.

ఆయన స్టీరింగ్ తిప్పారు. బండి పీప్ పీప్‌మంది.

"ఇదేంటి, ఊరికే అరుస్తోంది?" అన్నారు.

తెర మీదున్న చూపు ఇంకా ఎత్తకుండానే, ఎడమ పక్క ఎవరో ఉన్నారేమో సార్ అంది ఆ అమ్మాయి.

ఆయన చూపు ఎడమకి తిప్పారు. తిప్పడం నేను వెనక నుంచి చూశాను. ఒక క్షణం అటే చూశారు. చూసి, తాపీగా అన్నారు.

"ఎడమ పక్క ఎవరూ లేరుగా."

ఇంకా తిప్పుతూనే ఉన్నారు. సైకిలతని చెయ్యి నా కిటికీ మీద పడింది. అరచెయ్యి మొత్తం గాజుకి అతుక్కుని, తెల్లగా కనిపించింది నాకు. "ఆగండి," అన్నాను. అది అరుపో మూలుగో నాకే తెలియదు. ఆయన కాలు బ్రేకు మీద పడింది. బండి గురించి ఆ అమ్మాయి చెప్పిందేదీ వినని మనిషి, నా గొంతు విని ఆగారు. సైకిలు ఒరిగి, అతను ఒక కాలు నేలకి ఆనించి నిలదొక్కుకున్నాడు. పిల్లాడి టోపీ రోడ్డు మీద పడింది. అతను దాన్ని తీసి దులిపి, పిల్లాడి తల మీద పెట్టి, మమ్మల్ని తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్లిపోయాడు.

"ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు వీడు?" అన్నారు ఆయన.

కొత్త బండి కదా సార్, వెడల్పు అలవాటవ్వాలి అంది సేల్స్ అమ్మాయి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె వేళ్లు సీటుబెల్టుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆయన నవ్వుతూ, మా ఆవిడే నా అద్దం, ఇవాళ వెనక కూర్చోబెట్టావు, అదీ తేడా అన్నారు.

వాడు ఊడిపడలేదు. పోస్టాఫీసు నుంచీ మా పక్కనే ఉన్నాడు. ఈయన అటు చూశారు. చూసి లేడన్నారు. అబద్ధం కాదు, తొందర కాదు, పరాకు కాదు. నిజంగానే లేడు, ఆయనకి.

షోరూంకి వచ్చాక ఆయన హుషారుగా ఉన్నారు. బండి బాగుంది, కాకపోతే కాస్త పిరికిది, గాలికి కూడా అరుస్తుంది అని అత్తయ్యకి చెప్పారు. సోమవారం పిడుగుని తెచ్చి ఒకసారి దానితో కూడా తిప్పి, ఆ రోజే బుక్ చేస్తానని మాటిచ్చారు. సేల్స్ అమ్మాయి తలూపింది కానీ, ఆమె చూపు నా మీద ఉంది. నేను కళ్లు దించుకున్నాను.

పాత కారులో ఇంటికి వస్తూ ప్రతి మలుపులోనూ "ఖాళీ" అన్నాను. ఎన్నో ఏళ్లుగా అంటున్న మాటే. నేను దగ్గితే ఏమవుతుంది, తుమ్మితే ఏమవుతుంది అనుకుంటూ కిటికీలోంచి చూపు తిప్పకుండా కూర్చున్నాను.

ఆదివారం ఆయన బల్ల దగ్గర కూర్చుని కారు రంగుల బొమ్మల పుస్తకం తిరగేస్తున్నారు. బూడిద రంగు బావుంటుందా, నీలమా అని అడుగుతున్నారు. నేను వెళ్లి ఎడమ భుజం వెనక నిలబడ్డాను. నీలం అన్నాను. అంటూ చెయ్యెత్తి, ఆయన చెంప పక్కకి తెచ్చాను. చేతిలో గరిటె ఉంది. ఆయన పేజీ తిప్పారు. గరిటె ఇంకొంచెం ముందుకి జరిపాను. నీలం మీద మట్టి కనిపిస్తుందే అన్నారు. ఇంకొంచెం జరిపాను. దాదాపు ముక్కుకి ఎదురుగా వచ్చేదాకా ఆయన రెప్ప కదలలేదు. అప్పుడు ఉలిక్కిపడి, ఇదేం ఆటే అన్నారు. ఈగ వాలబోయింది, తోలుతున్నాను అన్నాను.

వంటింట్లోకి వెళ్లి పంపు తిప్పి, చేతులు నీళ్ల కింద పెట్టి నిలబడ్డాను. ఒక్కొక్కటీ వచ్చి కళ్ల ముందు నిలబడ్డాయి. గేటు స్తంభం. ఆగి ఉన్న వ్యాను. ఎడమ భుజానికి గడప తగిలి తరచూ కమిలే చోటు. ఎవరింటికెళ్లినా గోడ ఎడమవైపు ఉండేలా చూసుకుని కూర్చోవడం. నిన్నటి కాఫీ. ఇవన్నీ మా ఇంట్లో ఆయన మీద జోకులు. ఏళ్ల తరబడి మేం నవ్వుకున్నది దీన్ని చూసి.

అయినా ఆయన పనిలో చెయ్యి తిరిగిన మనిషి కదా, కన్ను పోతే తెలియదా అనుకున్నాను. అంతలోనే ఆయన కిందికి దిగినట్టున్నారు, షాపులో నుంచి చెక్క కోస్తున్న చప్పుడు వినిపించింది. తెలియదు. ఆ కన్ను పొద్దస్తమానం మూసే ఉంచుతారు. పని అంతా కుడికంటిదే. మూసి ఉన్న కిటికీ అవతల చీకటి పడిందో లేదో లోపలివాళ్లకి ఎలా తెలుస్తుంది?

సాయంత్రం ఏదో మాటల్లో, ఒకసారి కళ్లు చూపించుకుందాం, ఇద్దరికీ వయసు వచ్చింది కదా అన్నాను. ఆయన పకపకా నవ్వారు. వెంట్రుకవాసి పట్టే కళ్లే ఇవి, ముందు నీవి చూపించుకో, నువ్వు ఏరిన బియ్యంలో రాయి నాకే వస్తుంది అన్నారు. అత్తయ్య కూడా నవ్వింది. అమ్మాయికి చెబుదామా అని చాలాసార్లు దాని గది దాకా వెళ్లాను. చెబితే అది వెంటనే ఆయన్ని అడుగుతుంది. ఆయన నవ్వేస్తారు. ఆయన ఒకసారి నవ్వేసిన మాటని మళ్లీ ఎత్తడం మా ఇంట్లో ఎవరివల్లా కాదు. నవ్వలేని చోట చెప్పాలి. అలాంటి చోటు ఏదో నాకు తోచలేదు. పిడుగు తాతయ్య ఒళ్లో కూర్చుని కారు హారన్ ఎలా మోగుతుందో చేసి చూపిస్తోంది.

సోమవారం అమ్మాయి పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోయింది. అత్తయ్యకి తోడుగా పక్కింటావిడని కూర్చోబెట్టి, ఆయనా నేనూ పిడుగూ పాత కారులో షోరూంకి వెళ్లాం. పిడుగుని వెనక కుడి పక్క, కాళ్లు సీటు మీద ముడిపించి కూర్చోబెట్టి, నేను ముందు కూర్చుని దారంతా నా పని నేను చేశాను.

అదే కారు బయట సిద్ధంగా ఉంది. సేల్స్ అమ్మాయి వెనక ఎడమవైపు పిల్లల సీటు బిగించి, పిడుగుని అందులో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. పిడుగు కాళ్లు ఊపుతోంది. ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని అద్దం సర్దుకుంటున్నారు. మేడమ్, మీరు కూడా ఎక్కండి అంది ఆ అమ్మాయి. నేను ఎక్కలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు. చెబితే నవ్వుతారు. నవ్వుకుంటూనే తాళం తిప్పుతారు. ఆయన చెయ్యి తాళం దగ్గరికి వెళుతోంది.

"ఒకసారి దిగండి," అన్నాను. "ఈ తలుపు గీత వంకరగా ఉంది."

ఇంకే మాటన్నా ఆయన దిగేవారు కాదు. గీత అనేసరికి వెంటనే దిగారు. చుట్టూ తిరిగి వచ్చి వెనక బంపర్ దగ్గర గొంతుక్కూర్చుని, ఎడమ కన్ను మూసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు.

"తీగలాగినట్టుంది. నీకే వంకరగా కనిపించింది."

"ఆ కంటితో చూశారు. ఇప్పుడు ఈ కంటితో చూడండి."

"ఏ కన్నయితే ఏమిటే?"

"ఏదయితే ఏమిటి, చూడండి మరి."

నన్ను ఆటపట్టించడానికన్నట్టు, కుడి కన్ను గట్టిగా మూశారు. పెదాల మీద నవ్వు అలాగే ఉంది.

చాలాసేపు కదల్లేదు. తర్వాత చెయ్యి చాపి కారుని తడిమారు. కుడి కన్ను తెరిచారు. మళ్లీ మూశారు. తెరిచారు, మూశారు. బల్బు పోయిందా కరెంటు పోయిందా అని స్విచ్చి వేసి తీసి చూసుకునేవాళ్లలా ఉంది ఆ వరస. నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

"నువ్వెక్కడున్నావ్?" అన్నారు, మెల్లిగా.

నేను ఆయన పక్కనే, చెయ్యి వేస్తే తగిలేంత దూరంలో ఉన్నాను. "ఇక్కడే ఉన్నాను," అన్నాను.

లోపల నుంచి పిడుగు కిటికీ గాజు మీద చేత్తో కొట్టింది. తాతా, పద అంటోంది. ఆయన లేచి ఆ గాజు వైపు చూశారు. శనివారం ఆ గాజుకి బయట పడిన చెయ్యి నాకు గుర్తుకొచ్చింది. ఆయనకీ వచ్చిందేమో, వాడు ఊడిపడలేదన్నమాట అని తనలో తను అనుకున్నట్టు అన్నారు.

పిడుగు బెల్టు ఆయనే విప్పబోయారు. బొత్తాం ఎక్కడుందో వేళ్లకి దొరకలేదు. సేల్స్ అమ్మాయి వంగి విప్పింది. మళ్లీ ఫోన్ చేస్తాం అన్నారు ఆమెతో. పాత కారు షోరూం ముందే వదిలేసి, ముగ్గురం బస్సెక్కాం. పిడుగుని అత్తయ్యకి అప్పజెప్పి, తలనొప్పి అని ఏదో చెప్పి, కళ్ల ఆసుపత్రికి వెళ్లాం.

కంట్లో ఒత్తిడి పెరిగి, నరం కొద్దికొద్దిగా ఎండిపోతుందట. నొప్పి ఉండదట. ఎడమ కన్ను పోయి చాలాకాలం అయిందని, ఇక రాదని చెప్పింది డాక్టరమ్మ. కుడికంట్లో కూడా ముక్కు వైపు అంచు నుంచి ఇప్పుడిప్పుడే మొదలైంది, చుక్కల మందు ఒక్క పూట మానకుండా వేస్తే ఉన్నది ఉన్నట్టు నిలబడొచ్చు అంది. నిలబడొచ్చు అంది గానీ నిలబడుతుంది అనలేదు. కారు మాత్రం నడపకూడదంది. ఆయన అడిగింది ఒకటే, ఆ కన్ను చెక్క వంపు పట్టడానికి పనికొస్తుందా అని. ఇప్పటికి పనికొస్తుంది అంది ఆమె.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు.

"ఇంట్లో అప్పుడే చెప్పకు. పట్టపగలే కదా స్కూలు. నెమ్మదిగా వెళ్తాను. నువ్వు పక్కన కూర్చుంటే చాలు. ఇన్నాళ్లూ అలాగే కదా వెళ్లాం."

డాక్టరమ్మ చెప్పింది విన్నప్పటికంటే ఈ మాట విన్నప్పుడు ఎక్కువ భయం వేసింది నాకు. ఎందుకంటే అది జరిగే పనే. నేను ఊఁ అంటే స్కూలు తెరిచిన రోజు నుంచే జరుగుతుంది, ఎవరికీ తెలియదు. అత్తయ్యని చూసుకునేందుకు ఎవర్నో కుదుర్చుకుంటాం. పిడుగు వెనక కూర్చుంటుంది. ఎప్పుడో ఒకరోజు అది నీళ్ల సీసా కావాలంటుంది, నేను వెనక్కి తిరుగుతాను.

"నేను ఆ సీట్లో కూర్చోను," అన్నాను.

"అంటే?"

"మీరు నడిపే ఏ బండిలోనూ కూర్చోను. పిల్లని కూర్చోనివ్వను. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

ఇన్నేళ్లలో ఆయనతో అలా మాట్లాడిన గుర్తు లేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. దిగేటప్పుడు మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కోవడం చూసి చెయ్యి పట్టుకోబోయాను. వదిలించుకున్నారు.

రాత్రి అందరం భోజనానికి కూర్చున్నాం. అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తడి జుట్టుతోనే వచ్చి కూర్చుంది. పిడుగు ఎత్తు సరిపోవడానికి దిండు వేసుకుని కూర్చుంది. నేను వడ్డిస్తున్నాను. ఆయన కంచం వైపు చూస్తూ అన్నం కలుపుతున్నారు, నోట్లో పెట్టుకోవడం లేదు. ఏం చెప్పబోతున్నారో నాకు తెలియదు. ఆయన చెప్పకపోతే నేను చెప్పాలి. ఆయన కళ్లెదుట, ఆయన తల్లి ముందు, కూతురి ముందు.

"ఏంటి, అందరూ నోటికి తాళాలు వేసుకున్నారు?" అంది అమ్మాయి. "బుక్ చేశారా లేదా? ఏ రంగు నాన్నా?"

నేను అడుగుతున్నా, నాకూ చెప్పడం లేదు అంది అత్తయ్య. తాత కారు తిప్పలేదు, దిగిపోయాడు అని పిడుగు ఫిర్యాదు చేసింది.

ఆయన చెయ్యి కంచంలోనే ఉంది.

"బండి తీసుకుందాం," అన్నారు. ఇక నేనే చెప్పాలని గరిటె పక్కన పెట్టాను. ఆయన మళ్లీ మొదలుపెట్టారు. "బండి మంచిదే. నడిపేది నేను కాదు. నా ఎడమ కన్ను పోయిందమ్మా. ఎప్పుడో పోయిందట, నాకు ఇవాళ తెలిసింది."

అమ్మాయి చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, లేచి ఆయన దగ్గరికి వెళ్లింది. గడ్డం పట్టుకుని మొహం దీపం వైపు తిప్పింది. ఇంట్లో కాదు, ఆసుపత్రిలో రోగి దగ్గర నిలబడ్డట్టు నిలబడింది. రెండోది ఎలా ఉంది అని మాత్రం అడిగింది. మొదలైందట అన్నారు ఆయన. మందు ఏమిచ్చారని అడిగితే నేను చెప్పాను. అత్తయ్య చెయ్యి చాపి, ఒరేయ్, ఇటు చూడరా అంది. ఆయన అటు చూశారు.

"లైసెన్సు తీసుకున్నావు, నీ చేతికి ఒక్కరోజు స్టీరింగ్ ఇవ్వలేదు నేను," అన్నారు అమ్మాయితో. "నువ్వు నడుపు. నీకు కుదరని రోజు పిడుగుని నేను బస్సులో తీసుకెళ్తాను, చెయ్యి వదలకుండా. పాత బండి షోరూం ముందు ఉంది, రేపు నువ్వే వెళ్లి తెచ్చెయ్."

సరేనంది అది. దాని కళ్లు ఎర్రబడ్డాయి కానీ నీళ్లు రానివ్వలేదు. ఆయన జేబులోంచి పాత కారు తాళం తీసి దాని కంచం పక్కన పెట్టారు. పెట్టిన చెయ్యి కాసేపు దాని మీదే ఉంచారు.

"ఇంకొకటి. నాలుగు రోజులు పోతే ఈ భయం పోతుంది నాకు. బాగానే కనిపిస్తోంది, వీధి చివరిదాకే కదా అంటాను. కోప్పడతాను. బతిమాలతాను కూడా. తాళం ఇవ్వకండి. మీలో ఎవరూ ఇవ్వకండి."